బిళ్ళగన్నేరు పువ్వు: గరాటా, పళ్ళెమా?

పూలపట్టిక: హైస్కూలు పిల్లల హెర్బేరియం (నొక్కి ఆరబెట్టిన మొక్కల సేకరణ) కోసం చేస్తున్న పట్టికలో బిళ్ళగన్నేరుకు "సంయుక్త ఆకర్షణపత్రావళి, గరాటు ఆకారం" అని రాశాను, అంటే రేకులు అడుగున ఒకటిగా కలిసిపోయి గరాటులా ఉన్నాయని. కింద సన్నటి నాళం, పైన విచ్చుకున్న ఐదు తమ్మెలు, అంటే విడిగా కనిపించే రేకు భాగాలు. అది గరాటు కాదని ఒకరు మెసేజ్ పెట్టారు. ఇక్కడే తేల్చండి.

కీలాగ్రం: మెసేజ్ పెట్టింది నేనే. గరాటు అనాలంటే నాళం అడుగు నుంచి అంచు దాకా క్రమంగా వెడల్పు కావాలి. ఉమ్మెత్త, తూటిపువ్వు చూడండి. నాళం ఎక్కడ ఆగిందో, అంచు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేరు. బిళ్ళగన్నేరులో చూపగలరు. 2.5 సెంటీమీటర్లకు అటూఇటూ పొడవున్న నాళం సన్నగానే పైకి వస్తుంది, అక్కడ తమ్మెలు ఒక్కసారిగా అడ్డంగా పరుచుకుంటాయి. అది పళ్ళెం ఆకారం. నూరువరహాలు, పారిజాతం, మల్లె అదే కోవ.

మల్లెపందిరి: పళ్ళెమే.

పూలపట్టిక: సన్నగానే వస్తుందా? నోటికి కాస్త కింద ఉబ్బు ఉంది, వేళ్ళతో నొక్కితే తెలుస్తుంది. మీ లెక్క ప్రకారమే వెడల్పు అవుతోంది కదండీ.

కీలాగ్రం: ఆ ఉబ్బులో ఉన్నవి పరాగకోశాలు. కేసరాలు నాళం గోడకే అంటుకుని ఉంటాయి, వాటికి చోటివ్వడానికే అక్కడ గోడ ఉబ్బింది. దాని పైన నోరు మళ్ళీ బిగుసుకుంటుంది, చుట్టూ నూగు ఉంటుంది. గరాటుకు నోరు బిగుసుకోదు. ఉదయం విచ్చిన పువ్వు ఒకటి తీసుకోండి. ముందు స్కేలు పక్కన పెట్టి అడుగున, మధ్యన, ఉబ్బు దగ్గర, నోటి దగ్గర బయటి వెడల్పు రాసుకోండి. ఆ తర్వాతే బ్లేడుతో నాళాన్ని నిలువునా ఒకవైపు మాత్రమే చీల్చి తెరవండి. ముందే చీలిస్తే గోడ ముడుచుకుపోయి కొలత తప్పుతుంది.

రెండుమార్కులు: మా ప్రాక్టికల్స్‌లో పళ్ళెం అని రాసినందుకు మార్కులు కోశారు. పరీక్షకు వచ్చినాయనకు గరాటే కావాలి. ఇంకేం చర్చ?

పూలపట్టిక: అదే కదా. నా దగ్గరున్న నొక్కిన నమూనాలన్నీ గరాటులాగే ఉన్నాయి. నాళం వెడల్పు 3 మిల్లీమీటర్లకు పైనే వస్తోంది.

కీలాగ్రం: నొక్కిన పువ్వు మీద నాళం ఆకారం తేల్చకూడదు. గొట్టాన్ని చదును చేస్తే కనిపించేది చుట్టుకొలతలో సగం, అంటే అసలు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 2 మిల్లీమీటర్ల నాళం కాగితం మీద 3 దాటి కనిపించేది అందుకే. పైగా పువ్వును పక్కకు పడుకోబెట్టి నొక్కితే తమ్మెలు పైకి మడతపడి నాళానికి కొనసాగింపులా అతుక్కుంటాయి. మీ గరాటు అక్కడ పుట్టింది. మెలి సగం విప్పుకున్న మొగ్గతోనూ ఇదే తంటా. షీటు మీద ఒక పువ్వును చీల్చి పరచండి, ఇంకోదాన్ని తమ్మెలు కాగితానికి ఆనేలా బోర్లా పెట్టండి. మూడోదాన్ని నొక్కకుండా 70 శాతం ఆల్కహాల్‌లో వేసి ఉంచండి.

పూలపట్టిక: నేను ఏ పట్టిక పెట్టినా మీకు తప్పే కనిపిస్తుంది. మొన్న గన్నేరు కంఠంలోని కుచ్చుల మీదా ఇలాగే సాగదీశారు. పిల్లల చేతికి బ్లేడు ఇవ్వను. పక్కనుంచి చూసి గుర్తుపట్టాలి వాళ్ళు. కింద సన్నం, పైన వెడల్పు. చాలు.

కీలాగ్రం: అసలు తగువు ఇక్కడుంది. పక్కనుంచి కనిపించే గీతకు మీరు పేరు పెడుతున్నారు. నాళం నోరు ఎంత అన్నది నా ప్రశ్న. తూటిపువ్వులోకి తుమ్మెద ఒళ్ళంతా దూరిపోతుంది. బిళ్ళగన్నేరులో తేనె అడుగున అండాశయం పక్కన ఉంటుంది, ఆ నోట్లోంచి సీతాకోకచిలుక, చిమ్మట లాంటి పొడవాటి తుండమే దిగాలి. ఆకారం పేరు ఆ తేడా చెప్పకపోతే ఆ వరుస పట్టికలో ఎందుకు? వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1759లో బిళ్ళగన్నేరును వింకా అనే ప్రజాతిలో పెట్టాడు, 1837లో జార్జ్ డాన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త కథరాంథస్ ప్రజాతిలోకి మార్చాడు. ఈ రెంటినీ విడదీసే లక్షణాల్లో నాళం ఆకారం ఒకటి: వింకాది గరాటు, దీనిది పళ్ళెం.

తీగజాజి: మరి వంకాయ, టమాటా పువ్వులు? అవీ పరుచుకునే ఉంటాయి.

కీలాగ్రం: పరుచుకుంటాయి కానీ నాళం బాగా పొట్టి. చక్రాకారం అనాలి. చూడాల్సింది నాళం పొడవు.

తీగజాజి: అయితే ఒక వరుసను రెండు చేయండి. నాళం ఒకటి, తమ్మెలు ఒకటి. బ్లేడు అక్కర్లేదు, స్కేలు చాలు.

పూలపట్టిక: రెండు వరుసలు పెడతాను. చూపుకు గరాటే అన్న మాట మాత్రం వదలను. గన్నేరుకు ఏం రాయాలి? నాళం కింది భాగం సన్నం, పై భాగం వెడల్పు.

కీలాగ్రం: గన్నేరు గరాటే, అందులో మీతో పేచీ లేదు. కంఠం దగ్గరి కుచ్చులను కరోనా అని విడిగా రాయండి, తమ్మెల లెక్కలో కలపకండి. కొలతకు ఒంటిరేకు గన్నేరే తీసుకోండి, ముద్దగన్నేరులో లోపలి వరుసలు అడ్డొస్తాయి. గన్నేరు కోస్తే కారే పాలు విషం. పువ్వులు మీరే కోసి ఇవ్వండి, పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.