నేరం పుట్టుకలో ఉందా, సమాజంలో ఉందా?

అమలాపురం విద్యార్థిని: నేరస్థులు పుట్టుకతోనే అలా ఉంటారని 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో చెప్పిన సిద్ధాంతాన్ని మాకు ఇంకా ఎందుకు బోధిస్తున్నారండి?

రాజమండ్రి విశ్రాంత అధ్యాపకుడు: దాని పర్యవసానం తెలియడానికేనమ్మా. దవడలు, చెవుల ఆకారం చూసి నేరస్థుణ్ణి గుర్తుపట్టవచ్చన్న వాదన, 1913లో జైలు వైద్యుడు గోరింగ్ ఇంగ్లండు ఖైదీల కొలతలను సైనికులు, విద్యార్థుల కొలతలతో పోల్చడంతో వీగిపోయింది. మన దేశంలో మాత్రం, పుట్టుకనే నేరంగా చూసిన నేరస్థ తెగల చట్టం 1952 దాకా రద్దు కాలేదు.

భీమవరం పాఠకుడు: మా సంక్రాంతి కోడిపందేలు చట్టరీత్యా నేరమే అయినా, బరి పక్కన కుర్చీల్లో కూర్చుని నోట్ల కట్టలు పందెం కాసే పెద్దలను ఎవరూ నేరస్థులనరు; కాలువగట్టున పేకాడుతూ దొరికిన కూలీకి మాత్రం ఆ ముద్ర పోదు. విచలనం, అంటే సమాజ కట్టుబాట్లు తప్పడం, చేసిన పనిలో కాక, ఇతరులు వేసే ముద్రలో ఉంటుందని 1963లో అమెరికా సమాజశాస్త్రవేత్త హోవార్డ్ బెకర్ అన్నది ఇందుకే.

అధ్యాపకుడు: నిజమేనండీ, కానీ ఆ కూలీ మొదటి పేకాట ఎందుకు ఆడాడో బెకర్ సిద్ధాంతం చెప్పదు.