అప్‌డేట్: ఆ ప్రమోషన్ వద్దన్నాను

మేనేజర్ పోస్టు ఇస్తామంటున్నారు, జీతం పెరుగుతుంది కానీ రోజూ రాత్రి కాల్స్ ఉంటాయి, వద్దంటే వెనకబడిపోతానా అని అప్పట్లో అడిగాను. ఎక్కువమంది "పిచ్చా? తీసుకోండి" అన్నారు. ఒక్కరు మాత్రం "మీకేం కావాలో ముందు కాగితం మీద పెట్టండి" అన్నారు. అదే చేశాను.

పెద్ద ఫ్లాట్ అని మొదటి లైన్లో రాశాను. అయిదు నిమిషాలు చూసి కొట్టేశాను. మా తోడల్లుడు కొన్నాడు కాబట్టి పుట్టిన కోరిక అది. నాది కాదు.

పోస్టు వద్దన్నాను. కారు ఇంట్లో పెట్టి నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తున్నాను. కొత్త ఫ్లాట్ కోసం దాచిన డబ్బు పాత హోమ్ లోన్‌కే కట్టేశాను. ఫ్లోటింగ్ రేటు, అంటే మారుతూ ఉండే వడ్డీ కాబట్టి ముందే కట్టినా పెనాల్టీ పడలేదు. ఈఎంఐ తగ్గించమనలేదు, నెలలు తగ్గించమన్నాను. అలా చేస్తేనే వడ్డీ ఎక్కువ ఆదా అవుతుంది.

అంతా హాయిగా ఉందని అబద్ధం చెప్పను. ఆ సీట్లోకి నా జూనియర్ వచ్చాడు. మొదటి మీటింగ్‌లో "అన్నా, స్టేటస్ చెప్పండి" అన్నప్పుడు కడుపులో దేవినట్టయింది. ఇప్పటికీ సోమవారాలు కొంచెం కష్టమే.

రాత్రి ఎనిమిదికి మాత్రం ఇంట్లో ఉంటున్నాను. పాప పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతోంది, నేనూ అక్కడే తడబడుతున్నాను. మా ఆవిడ వంటింట్లోంచే అందిస్తోంది.