పసుపు లైటు దగ్గర ఏం చేయాలి? పార్టీ విప్ దగ్గర?

మాది విజయవాడ. మొన్న బెంజి సర్కిల్ దగ్గర పసుపు లైటు పడింది. ఆగుదామంటే వెనక బస్సు ఆనుకుని వస్తోంది, వెళ్తే చలానా టెన్షన్. నా చూపంతా లైటు మీదే, రోడ్డు మీద లేదు. సడన్ బ్రేక్ వేశా. బస్సు జానెడు దూరంలో ఆగింది. అర సెకను ఆలస్యమైనవాడికీ, ఎర్ర లైటులో దూసుకెళ్ళినవాడికీ ఒకే చలానా అయితే మనిషి ప్రమాదాన్ని చూస్తాడా, ఫైన్‌ని చూస్తాడా?

ఇది చెప్తే మా బావగారు రాజకీయాల్లోకి లాక్కెళ్ళారు (ఆయనకి అన్నీ అక్కడికే!). 1985 నాటి ఫిరాయింపుల చట్టంలో ఒక్క బిల్లుపై విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం) ధిక్కరించినా ఎంపీ, ఎమ్మెల్యేల సీటు పోవచ్చు, పార్టీ మారినా అంతే. విప్ ధిక్కారాన్ని పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే సరేసరి. అదే పార్టీ సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది కలిసి వేరే పార్టీలోకి వెళ్తే విలీనమట, వేటు ఉండదట! 1990లో ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ విప్ వేటును విశ్వాస, అవిశ్వాస ఓట్లకే పరిమితం చేయమంది.

గుంటూరులో చదివే మా అమ్మాయికి వచ్చేవారం దీనిమీదే డిబేట్. తప్పును బట్టి శిక్ష ఉండాలని తన వాదన. "శిక్షలో మెట్లు పెడితే అందరూ చిన్న తప్పు చేస్తారు" అని ఎదుటివాళ్ళు అంటే ఏం చెప్పాలి? డ్రైవర్లు, లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.