పరిశోధనశాలలో పుట్టిన భాషకు నిలకడైన పోషణ ఎలా?

ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో 1996లో రూపుదిద్దుకున్న ఓకామెల్ (OCaml) అనే ప్రోగ్రామింగ్ భాష మేలు కోరి ఈ ప్రశ్న అడుగుతున్నాను. జేన్ స్ట్రీట్ వంటి ట్రేడింగ్ సంస్థలు దానిపై ఆధారపడే కొద్దీ పాత ప్రోగ్రాములు చెడకూడదన్న ఒత్తిడి పెరుగుతుంది. కానీ కంపైలర్‌లోని (మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లోని) దోషాలను ఓపికగా సరిదిద్దే పరిశోధకుడికి, కొత్త పరిశోధన పత్రం ప్రచురించినవారికి దక్కేంత గుర్తింపు దక్కదు. 2022 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌లో, ప్రోగ్రాము ప్రాసెసర్‌లోని పలు కోర్లపై (లెక్కలు చేసే భాగాలపై) ఒకేసారి నడిచే సౌకర్యం చేరడానికి ఏళ్ల తరబడి శ్రమ పట్టింది (అందులో మద్రాసు ఐఐటీ పరిశోధకుల పాత్ర ఉండటం నాకెంతో సంతోషం). 2018లో ఏర్పడిన ఓకామెల్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ విరాళాలు సేకరిస్తోంది. అయితే, విరాళమిచ్చే సంస్థ అవసరాలే భాష దిశను నిర్ణయించకుండా, నిర్వాహకులకు స్థిరమైన జీతం ఎలా సమకూర్చాలి? పరిశోధక విద్యార్థి చదువు ముగించి వెళ్లాక అతను రాసిన భాగాన్ని ఎవరికి అప్పగించాలి? ఇలాంటి ప్రాజెక్టులను నడిపిన అనుభవమున్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.