ఇంట్లో చేసిన టమాటా సాస్ నీళ్లు వదిలేస్తోంది, ఐదు రోజులకే బూజు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

చిన్నీ_వాళ్లమ్మ:
అందరికీ నమస్తే. మా పిల్లలిద్దరికీ పునుగులు వేసినా కట్లెట్ వేసినా ముందు సాస్ సీసా కావాలి, ఆఖరికి దోసెలోకి కూడా అదే. కొనే సాస్‌లో పంచదార ఎక్కువుంటుందని మొన్న సంతలో టమాటా చవగ్గా దొరికితే మూడు కిలోలు తెచ్చా. పొద్దున్నే పచ్చివే మిక్సీ పట్టేసి గిన్నె మీద మూత పెట్టి ఆఫీసుకెళ్లిపోయా, సాయంత్రం వచ్చి వడకట్టి ఇనప మూకుట్లో ముప్పావుగంట ఉడికించి ఉప్పు, కారం, రెండు స్పూన్ల పంచదార వేశా, పిల్లలు తినేది కదా వెనిగర్ ఎందుకులే అని మానేశా. ప్లేట్లో వేస్తే సాస్ మధ్యలో, నీళ్లు చుట్టూరా! రంగు కూడా నల్లబడింది. ఐదో రోజు ఫ్రిజ్‌లోంచి తీస్తే పైన తెల్లగా బూజు. మొత్తం పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

పచ్చళ్ల_పిన్ని:
బాధపడకు తల్లీ, పారబోసి మంచి పనే చేశావు, బూజు పట్టాక పైపైన తీసేసి వాడకూడదు. నేను జామ్, సాస్ ట్రైనింగ్ తీసుకుని చాలా ఏళ్లు చేసి అమ్మాను కాబట్టి చెబుతున్నా. టమాటాలో పెక్టిన్ ఉంటుంది, సాస్‌కి చిక్కదనం దానివల్లే. పచ్చి టమాటా కోసి కానీ మిక్సీ పట్టి కానీ అలా వదిలేస్తే అందులో ఉండే ఎంజైములే ఆ పెక్టిన్‌ని విరిచేస్తాయి, ఇక ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా నీళ్లు వదులుతూనే ఉంటుంది. అందుకే కోసిన ముక్క కోసినట్టే పొయ్యి మీదకి వెళ్లాలి, మెత్తగా ఉడికాకే మిక్సీ, ఆ తర్వాతే జల్లెడ.

ఇనప మూకుడు అసలొద్దు. టమాటా పులుపుకి ఇనుము కరిగి రంగు మారుతుంది, లవంగాలు, చెక్కలో ఉండే వగరు కూడా కలిస్తే ఇంకా నల్లబడిపోతుంది, స్టీలు గిన్నె పెట్టుకో. మేము లవంగం తల కూడా గిల్లేసి వేసేవాళ్లం, సీసా మెడ దగ్గర నల్ల చార రాకుండా.

కిలో గుజ్జుకి నా లెక్క ఇదీ: పంచదార 75 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, వెనిగర్ 25 మిల్లీలీటర్లు. ఉల్లిపాయ 50 గ్రాములు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, చెక్క, లవంగం, మిరియాలు అన్నీ దంచి పల్చటి నూలు గుడ్డలో మూట కట్టి ఉడికేటప్పుడు గుజ్జులో వేసెయ్యి, మధ్యమధ్యలో గరిటెతో నొక్కు, చివర్లో పిండి తీసెయ్యి. పంచదార మూడో వంతు మొదట్లో, మిగతాది గుజ్జు దగ్గరపడ్డాక. ఉప్పు చివర్లోనే, ముందే వేస్తే రంగు తగ్గుతుంది. వెనిగర్ కూడా దించబోయే ముందే, లేకపోతే ఆవిరైపోతుంది.

పంచదార తగ్గించి వెనిగర్ కూడా మానేస్తే ఇక సాస్‌ని కాపాడేది ఏముంటుంది చెప్పు? పంచదార తగ్గించుకోవాలంటే తగ్గించుకో, కానీ వెనిగర్ మానకు, తక్కువ తక్కువగా చేసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో అవగొట్టెయ్యి.

మదనపల్లె_బుల్లోడు:
పిన్నిగారు అన్నీ చెప్పేశారు, కాయ గురించి నేను చెప్తా అక్కా. మాది మదనపల్లె వైపు, టమాటా మధ్యలోనే పెరిగాం. నాటు కాయ పులుపు బాగుంటుంది, చారుకీ పచ్చడికీ దాన్ని మించింది లేదు, కానీ నీళ్లూ గింజలూ ఎక్కువ. సాస్‌కి కండ పట్టిన కోలగా ఉండే హైబ్రిడ్ కాయ తీసుకో, పులుపుకి రెండు మూడు నాటువి కలుపు. తొడిమ దగ్గర పచ్చగా ఉన్నవి వద్దు, రెండ్రోజులు బయటే పెట్టి బాగా ఎర్రగా పండాక చెయ్యి, ఫ్రిజ్‌లో పెడితే సరిగ్గా పండవు. చవగ్గా వచ్చాయని పగిలినవి, మచ్చలున్నవి కలపొద్దు, బూజు సగం అక్కడి నుంచే వస్తుంది.

డాలస్_కోడలు:
ఇక్కడ నేను రోమా టమాటాలతో చేస్తా, కండ ఎక్కువ కాబట్టి తొందరగా దగ్గరపడుతుంది. రంగుకి కాశ్మీరీ కారం. గాజు సీసాని పావుగంట నీళ్లలో మరగబెట్టి పూర్తిగా ఆరాక సాస్ వేడి మీదే పోసేస్తా. తడి స్పూన్ మాత్రం పెట్టనివ్వను, మా ఆయనకైనా సరే!

చిన్నీ_వాళ్లమ్మ:
పిన్నీ, ఆదివారం కిలో కాయలతో మళ్లీ చేశా. ఎప్పుడు దించాలో తెలియక స్టీలు ప్లేట్ మీద చుక్క వేసి చూస్తూ కూర్చున్నా, మొదటిసారి చుట్టూ తడి పాకింది, ఇంకో ఇరవై నిమిషాలకి వేస్తే చుక్క చుక్కలాగే నిలబడింది, ప్లేట్ వంచినా నీళ్లు రాలేదు, అప్పుడు వెనిగర్ కలిపి ఒక్క ఉడుకు రానిచ్చి దించేశా. చాలా సంతోషంగా ఉంది. కిలోకి చిన్న సీసా కూడా నిండలేదు కానీ రంగు భలే వచ్చింది. జల్లెడలో మిగిలిన తొక్కలు, గింజలు ఏం చెయ్యను?

పచ్చళ్ల_పిన్ని:
ఆ చుక్కే అసలు గుర్తు, బాగా పట్టుకున్నావు తల్లీ. ఆ పిప్పి రాత్రికి పప్పులో వేసెయ్యి.