క్రౌనులో ఆయిలు "మజ్జిగైందా", "విరిగిందా"?

పాలకొల్లు:
గోదావరి లంకల్లో వరద తీసినప్పుడల్లా మెకానిక్ షెడ్ల దగ్గర ఒక మాట వినబడుతుంది: "ఆయిలు మజ్జిగైపోయిందండి." పికప్పు బళ్లకి వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా హౌసింగు ఉంటుంది కదా, క్రౌనూ పినియనూ అనే పళ్ల చక్రాలుండేది, షెడ్లలో మొత్తాన్నీ క్రౌను అనేస్తారు, దాంట్లో నీళ్లు దూరితే 90 ఆయిలు, అంటే గేరు ఆయిలు, తెల్లబడి నురగ కడుతుంది. అదీ సంగతి. దీన్నే "ఆయిలు విరిగింది" అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ రెండో మాట మింగుడు పడట్లేదు. పాలు విరిగితే ముక్క వేరు, నీళ్లు వేరు అవుతాయి. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. వేరుగా ఉండాల్సినవి కలిసిపోతున్నాయి. నా ఓటు మజ్జిగకే. మీరేమంటారు?

కాకినాడ:
అసలు "క్రౌను" అనడమే తప్పు. క్రౌన్ వీల్ అందులో ఒక భాగం మాత్రమే. డిఫరెన్షియల్ అనాలి. తెలుగులోనే కావాలంటే లెక్కల పుస్తకాల్లో డిఫరెన్షియేషన్‌కి అవకలనం ఉంది కాబట్టి "అవకలన పేటిక" అనొచ్చేమో.

పాలకొల్లు:
అవకలన పేటికలో నీళ్లు దూరాయని షెడ్డుకెళ్లి చెప్పండి సార్, బండి వదిలేసి ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు.

రావులపాలెం (షెడ్డు):
ఆయ్, మాస్టారూ, రెండు మాటలూ కరెక్టేనండి. బండిని ఎప్పుడు చూశామన్నదాన్ని బట్టి ఉంటాది. కాజ్‌వే మీద నీళ్లలోంచి తోలుకొచ్చిన బండిని అప్పుడే ఆపి, ఆయిలు పోసే పై ప్లగ్గు తీసి వేలు పెడితే మజ్జిగే తగుల్తాది. క్రౌను కింద అంచు ఆయిల్లో మునిగి తిరుగుతాది కదండి, చిలికేది అదే. అదే బండి వరదకి నాలుగు రోజులు చెట్టుకింద ఉండిపోయిందనుకోండి, నీళ్లు బరువు, కిందకి దిగిపోతాయి. ఆయిలు కార్చే కింద ప్లగ్గు వదులు చేత్తే ముందు నీళ్లు కారి, తర్వాత ఆయిలు వత్తాది. దాన్నే మేం విరిగింది అంటాం. పైనుంచి వేలు పెట్టి "ఆయిలు బానే ఉంది" అనేసి పంపేసేది ఈ బళ్లనేనండి. అక్కడే మోసం.

ఇంకోటి, పై ప్లగ్గు ఊడుద్దో లేదో చూసుకున్నాకే కింద ప్లగ్గు మీద చెయ్యేయాలి. తుప్పుపట్టి పైది రాకపోతే, ఆయిలంతా కార్చేసిన బండి అక్కడే పడుంటాది.

అమలాపురం:
బావుంది బాబూ. మన భాషలో కొమ్మా విరుగుతుంది, పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది. ఆయిలు కూడా విరిగితే నష్టమేం లేదు. కానీ నాకు అర్థం కానిది, అంత బిగించిన పెట్టెలోకి నీళ్లు ఎలా వెళ్తాయి? మునిగింది పది నిమిషాలేగా?

రావులపాలెం (షెడ్డు):
పీల్చుకుంటాదండి. లోడుతో వచ్చిన బండి హౌసింగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాది. చల్లటి నీళ్లలో దిగ్గానే లోపల గాలి ముడుచుకుంటాది. పైన గాలి ఆడ్డానికుండే బ్రీదరు నీళ్లలో ఉంటే అందులోంచే లాగేత్తాది. బ్రీదరు బురదతో మూసుకుపోతే, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు ఆయిల్‌సీలు పెదవి దగ్గర్నుంచి లాగుతాది. అందుకే కనకాయలంక కాజ్‌వే లాంటి చోట దిగేముందు కాసేపు ఆపి, వేడి తగ్గాక దిగమంటాం. వినేవాళ్లు తక్కువ. నీళ్లు ఎక్కువ పారుతుంటే అసలు దిగకూడదనుకోండి, అది వేరే కథ.

ముమ్మిడివరం:
డ్రైవర్ని. మాటల సంగతికొస్తే నాదో గొడవండి. ఓనరుకి ఫోన్ చేసి "వెనక సౌండొత్తాంది" అంటే "ఏం సౌండ్రా" అంటాడు. తెలుగులో చెప్తే ఫోన్లోనే సగం తేలిపోద్ది. కూత వేరు, రొద వేరు. కూత సన్నగా ఉంటాది. యాక్సిలేటరు తొక్కితే వత్తాది, వదిల్తే పోద్ది, లేదా వదిలినప్పుడే వత్తాది. అది క్రౌను పినియన్ పళ్లదీ, పినియన్ బేరింగుదీ. రొద లావుగా ఉంటాది. తొక్కినా వదిలినా దానికి పన్లేదు, బండి స్పీడుతో పెరుగుతాది. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీద పడతాది కదండి, అప్పుడు రొద పెరిగితే కుడి బేరింగుని అనుమానించాలి. తారురోడ్డు మీంచి సిమెంటు రోడ్డెక్కగానే రొద మారిపోతే మాత్రం హౌసింగు జోలికి పోకండి, అది టైర్లది.

రావులపాలెం (షెడ్డు):
నూటికి నూరుపాళ్లు. ముందు గేరు నుంచి రివర్సుకి మార్చినప్పుడు టంగుమంటే ఎక్కడో లూజుందన్నమాట. ముందు గేరుబాక్సు నుంచి వెనక్కొచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు (కీలు) చూడాలి, తర్వాత క్రౌను. మలుపు తిరిగినప్పుడే కటకట అంటే స్టార్ పినియన్లు, మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు స్పీడుల్లో తిరగనిచ్చే చిన్న పళ్ల చక్రాలు. తిన్నగా పోయేటప్పుడు వాటికి పని తక్కువండి.

కాకినాడ:
నా పేటిక వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి కలుపుతాను, వాసన గురించి. గేరు ఆయిల్లో పళ్ల మీద ఒత్తిడి తట్టుకోడానికి గంధకం ఉన్న రసాయనాలు కలుపుతారు. అందుకని కొత్త డబ్బా మూత తీసినా కంపు కొడుతుంది. కంపు చూసి పాడైందనుకోవద్దు. ఆయిలు తక్కువై వేడెక్కినప్పుడు వచ్చేది మాడు వాసన. ముక్కుకి కూడా రెండు మాటలున్నాయన్నమాట.

అమలాపురం:
ఇంతకీ ఆ కింద ప్లగ్గుకి అయస్కాంతం ఉంటుందట కదా, దానికి అంటుకునేదాన్ని ఏమంటారు?

రావులపాలెం (షెడ్డు):
అన్ని బళ్లకీ ఉండదండి. ఉన్నదానికి మెత్తగా, నల్లగా అంటుకునేది రజను. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు. అది అరుగుదల, భయం లేదు. గుచ్చుకునేట్టు పలచగా మెరుస్తా వత్తే పెచ్చులు. బేరింగు పెచ్చులూడుతోందని అర్థం. పంటి ముక్కే వత్తే ఇక మాట్లాడేదేం లేదు, హౌసింగు విప్పడమే.

అమలాపురం:
గోడకి పెచ్చులూడినట్టే బేరింగుకీ! రజను మాటని నేను కంసాలి దగ్గర విన్నాను తప్ప షెడ్లో ఉందని తెలీదు. ఎద్దుబండికి మా నాన్నగారు కందెన వేసేవారు. ఈ 90 ఆయిల్ని కందెన అనే మెకానిక్కు ఎవరైనా ఉన్నాడా?

రావులపాలెం (షెడ్డు):
లేడండి. గ్రీజుని మాత్రం మా పెద్దాయన అప్పుడప్పుడు అనేవాడు.

పాలకొల్లు:
మరి మజ్జిగైన ఆయిలు తీసేసి కొత్తది పోస్తే సరిపోతుందా?

రావులపాలెం (షెడ్డు):
ఒక్కసారికి పోదండి. మూలల్లో తడి ఉండిపోద్ది. కొత్తది పోసి, కొంచెం దూరం తోలి, మళ్లీ తీసి చూడాలి. ఇంకా తెల్లగా వత్తే ఇంకోసారి. పై ప్లగ్గు కన్నం అంచుదాకా పోత్తే లెవెల్ అయినట్టు. బ్రీదరు ఊడదీసి ఊదండి, సీలు చూడండి. అది చూడకుండా ఆయిలు మారిస్తే డబ్బులు కాలవలో పోసినట్టే. చక్రం వైపు సీలు కారితే బ్రేకు లైనర్లు కూడా తడుస్తాయి.

ముమ్మిడివరం:
మా వైపు ఉప్పుటేటి నీళ్లండి. అదైతే ఎన్నాళ్లు ఆగొచ్చు?

రావులపాలెం (షెడ్డు):
ఆగకూడదు. ఇంటికి కూడా పోకుండా తిన్నగా షెడ్డుకి తెచ్చేయండి.