కలిసి బయల్దేరాక వెనకపడ్డవాళ్ల కోసం ఆగాలా, ఎవరి వేగం వాళ్లదా?

తెల్లారిగట్ల:

పోయిన ఆదివారం జరిగింది చెప్పి మీ అందరినీ ఒక మాట అడగాలి.

మేం ఏడుగురం. అందరం బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లమే. నెలకు రెండు ఆదివారాలు సైకిళ్లు, మిగతా ఆదివారాలు తురహళ్లి అడవిలో పరుగు. ఈసారి నంది కొండ (చిక్కబళ్లాపురం వైపున్న నంది హిల్స్) అనుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి హెబ్బాళ దగ్గర కలిసి బళ్లారి రోడ్డు పట్టాం. ఏడో మనిషి మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు. హైబ్రిడ్ సైకిల్ కొని రెండు నెలలైంది. "మీతో రాగలనా అన్నా" అని వారం ముందే అడిగాడు. "రా, అందరం కలిసే కదా పోయేది" అన్నది నేనే.

ఎయిర్‌పోర్టు దాకా కలిసే ఉన్నాం. దేవనహళ్లి దాటాక ముందున్న ఇద్దరు వేగం పెంచారు. వాళ్ల వెనక చక్రం వదలకూడదని నేనూ పెంచాను. నా వెనక ఇంకో లైటు వస్తోందా లేదా అని ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. కొండ కింద టీ కొట్టు దగ్గర ఆగాం. ఆ అక్క తెలుగులోనే "ఎన్ని టీలప్పా?" అని అడిగింది (చిక్కబళ్లాపురం వైపు చాలా కొట్లలో తెలుగు నడుస్తుంది, మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది). ఏడు అన్నాను. ఆమె గ్లాసులు పెడుతూ "ఆరుమందే ఉండారే" అంది. అప్పుడు ఫోన్ తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

వెనక్కి పన్నెండు కిలోమీటర్లు తొక్కాను. కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. వెనక చక్రం పంక్చర్. పంపు లేదు, స్పేర్ ట్యూబ్ లేదు. టైరు ఎలా తీయాలో తెలియక ఇంటి తాళంచెవితో అంచు పైకి లేపబోయాడట, తాళంచెవి వంగిపోయింది. గోళ్లలోకంతా నల్లటి గ్రీజు. నన్ను చూడగానే లేచి నిలబడి, "సారీ అన్నా, మీ రైడ్ పాడు చేశాను" అన్నాడు.

ఆ మాట వారమంతా నన్ను వదలలేదు. సారీ చెప్పాల్సింది నేను కదా! నా ఉద్దేశం సూటిగా చెబుతున్నాను. "రా" అని పిలిచినవాడు ఆగి తీరాలి. మా గ్రూపులో ఇద్దరు దీన్ని ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

బ్రెవే బండి:

మీ మాట ఒప్పుకోని ఆ ఇద్దరి పక్షమే నేనూ. మీ మనసు అర్థమైంది, కానీ తప్పు ఆగకపోవడంలో లేదు. పంపు, ట్యూబు, టైరు విప్పే లీవర్లు లేకుండా ఒక మనిషిని చీకట్లో హైవే ఎక్కించడంలో ఉంది. బయల్దేరే ముందు ఒక్కరైనా అతని సంచి చూశారా?

నేను బ్రెవేలు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) తొక్కుతాను. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో పూర్తి చేయాలి. అక్కడ మొదటి సూత్రమే ఎవరి భారం వాళ్లు మోసుకోవడం. వెనక కారు రాకూడదు, కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్ల) దగ్గర తప్ప బయటి సాయం తీసుకోకూడదు. ఇది కఠినంగా కనిపిస్తుంది కానీ మనిషిని తయారుచేస్తుంది. రాత్రి రెండింటికి ఊరు పేరు తెలియని చోట చెయిన్ తెగితే ఎవరి కోసమూ చూడకుండా అతికించుకుని ముందుకు పోయినవాడికి ఆ ధైర్యం జీవితాంతం ఉంటుంది.

ఇంకో సంగతి. వారంలో ఐదు రోజులు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే గడిచిపోతాయి. నాకు దొరికేది ఒక్క ఆదివారం పొద్దు. ప్రతి పది కిలోమీటర్లకూ ఆగి పావుగంట నిలబడితే నా ప్రాక్టీసు ఏం కావాలి? హైవే అంచున అరడజను మంది గుంపుగా నిలబడటం కూడా ప్రమాదమే. లారీవాడికి మనం ఎంత దూరం నుంచి కనిపిస్తామో ఆలోచించండి.

వైట్‌ఫీల్డ్ రన్నర్:

బ్రెవే బండి గారూ, సంచి చూడాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాదానికి నా అనుభవం చెబుతాను.

రెండేళ్ల కిందట హెసరఘట్ట వైపు ఒక గ్రూపుతో వెళ్లాను. పదిమందిలో ఆడవాళ్లం ఇద్దరం. రెండోఆమె బాగా తొక్కుతుంది, ముందు పోయింది. నేను వెనకపడ్డాను. చెరువు దాటాక రోడ్డు ఖాళీ. ఒక బైకు మీద ఇద్దరు వచ్చి నా పక్కనే, నా వేగంతోనే నడపడం మొదలుపెట్టారు. ఏమీ అనలేదు, నవ్వుతున్నారు, అంతే. రెండు కిలోమీటర్లు. ఒక ఇంటి ముందు ముసలావిడ ముగ్గేస్తూ కనిపిస్తే సైకిల్ దిగి ఆమె పక్కన నిలబడిపోయాను. నా మొహం చూసి ఏమనుకుందో, లోపలికి తీసుకెళ్లి చెంబుతో నీళ్లిచ్చింది.

నేను సోలోగా కూడా తొక్కుతాను. ఆ రోజు దారి నేను ఎంచుకుంటాను, వెలుగు వచ్చాకే బయల్దేరతాను, ఇంట్లోవాళ్లకి లొకేషన్ షేర్ చేస్తాను. గ్రూపుతో వచ్చినప్పుడు గ్రూపు ఉందన్న నమ్మకంతో నాలుగున్నరకి, తెలియని దారిలో, చీకట్లో వస్తాను. మధ్యలో వదిలేస్తే నేను సోలో కాను, ఒంటరిని. ఈ రెంటికీ తేడా మగవాళ్లకి తట్టకపోవచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎవరి వేగం వాళ్లది అనుకుంటే ఆ సంగతి ముందురోజు రాత్రే చెప్పేయండి. నేను రాను, లేదా వేరే ఏర్పాటు చేసుకుని వస్తాను.

రెండో గేరు:

అందరూ మర్యాద గురించి మాట్లాడుతున్నారు. కాస్త గాలి గురించి కూడా మాట్లాడుకుందాం. చాలావరకు జవాబు అక్కడే ఉంది.

సమతలం మీద సైకిల్ తొక్కేవాడి బలంలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఆ ఖర్చు వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు ఇరవై నుంచి ముప్పైకి వెళ్తే ఒక్క గాలికే మూడు రెట్లకు పైగా బలం పెట్టాలి. ముందువాడి చక్రం వెనక దగ్గరగా ఉంటే శ్రమలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. రెండు మూడు సైకిళ్ల దూరం పడిందంటే ముందువాడు గాలికి అడ్డుగా ఇచ్చే ఆ నీడ చాలావరకు పోయినట్టే. అంటే గ్రూపులో అందరికన్నా బలం తక్కువున్నవాడు వెనకపడిన క్షణం నుంచి అందరికన్నా ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది. దేవనహళ్లి దాటాక బయలులో ఎదురుగాలి ఎలా కొడుతుందో అందరికీ తెలుసు. ఆ కుర్రాడు బద్ధకించి వెనకపడలేదు, గాలికి దొరికిపోయాడు. అక్కడ అతన్ని మధ్యలో పెట్టుకుని తీసుకుపోవడం ముందున్నవాళ్ల చేతిలో పని. దానికి ఆగక్కర్లేదు కూడా, గంటకు రెండు కిలోమీటర్లు తగ్గిస్తే చాలు.

కొండ ఎక్కుడు వేరే సంగతి. నంది మీద నాలాంటివాడు పది కిలోమీటర్ల వేగంతో పాకుతాడు. ఆ వేగంలో గాలి నీడ వల్ల వచ్చేది దాదాపు ఏమీ లేదు, పోరాటమంతా బరువుతోనే. 1478 మీటర్ల శిఖరం దాకా పక్కనుండి నడిపించినా నా కాళ్లకి ఒరిగేదేం లేదు. పైగా పక్కవాడి కోసం సొంత లయ మార్చుకుంటే ఇద్దరికీ నష్టం. కాబట్టి సమతలంలో కలిసి, ఎక్కుడులో ఎవరికి వాళ్లు, పైన మళ్లీ కలవడం. బ్రెవే బండి అన్నకి కావలసిన ప్రాక్టీసు ఆ ఏడెనిమిది కిలోమీటర్ల మలుపుల్లో కావలసినంత దొరుకుతుంది. టైముంటే రెండుసార్లు ఎక్కొచ్చు.

దిగేటప్పుడు మాత్రం ఎవరూ ఎవరితోనూ పోటీ పడకండి. ఆదివారం పొద్దున ఎదురుగా కార్లు బారులు తీరి వస్తాయి, మలుపులో మంచు తడి ఉంటుంది.

రాళ్లదారి:

సైకిల్ సంగతి నాకు అంత తెలియదు, నేను పరుగు మనిషిని. అడవి బాటలో ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. బాట చీలిన ప్రతిచోటా ఆగాలి. వెనకవాడు కంటికి కనిపించాకే కదలాలి.

తురహళ్లి చిన్న అడవే, కనకపుర రోడ్డు పక్కనే. 2021లో దాన్ని ట్రీ పార్కుగా మారుస్తామంటే చుట్టుపక్కల జనం గట్టిగా ఎదురు తిరిగారు, ఆ ఆలోచన ఆగిపోయింది. అందుకే ఇప్పటికీ అక్కడ సిమెంటు బాట లేకుండా మట్టి మీద పరిగెత్తగలుగుతున్నాం. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ సంతోషం. కానీ మట్టి బాటలు ఎలా ఉంటాయి? జామాయిల్ చెట్ల మధ్య ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వంద మీటర్లు ముందుకెళ్తే మనిషి కనిపించడు. బండరాళ్ల మీద దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, అలిసిపోయినవాడికి పాదం ఎత్తి పెట్టడం మందగిస్తుంది. చీలమండ మెలిక పడేది ఎప్పుడూ చివర్లోనే, ఎప్పుడూ వెనకవాడికే. పైగా చిరుత కనిపించిందని అప్పుడప్పుడు వార్త వస్తుంటుంది. అలాంటిచోట ఒక మనిషిని వెనక వదిలి, కారు దగ్గరికి పోయి స్ట్రావా యాప్‌లో టైమింగ్ చూసుకోవడం నాకు ససేమిరా నచ్చదు.

చివరి మనిషిని:

వయసు యాభై ఎనిమిది. పదకొండేళ్లుగా ప్రతి గ్రూపులోనూ చివర వచ్చేది నేనే. ఇంతసేపూ నా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రెండు ముక్కలు రాస్తాను.

మీరు ఆగుతారు, నిజమే. ఎలా ఆగుతారో చెబుతాను. కొండ కింద పదిహేను నిమిషాల ముందే చేరుకుంటారు. కొబ్బరి బోండాం తాగుతారు, కాళ్లు సాగదీస్తారు, ఫొటోలు దిగుతారు. నేను దూరంగా కనబడగానే ఒకాయన "వచ్చేశారు, వచ్చేశారు" అంటాడు. నేను కాలు కింద పెట్టేసరికి మీరు హెల్మెట్ బకిల్ పెట్టుకుంటుంటారు. బకిల్ టక్కున పడే ఆ చప్పుడు వినగానే నాకు టెన్షన్. నీళ్ల సీసా మూత కూడా తీయకుండా మళ్లీ పెడల్ మీద కాలు. అంటే విశ్రాంతి అక్కర్లేని వాళ్లకి పావుగంట దొరికింది, కావలసినవాడికి ఒక్క నిమిషం దొరకలేదు. ఇలా నాలుగుసార్లు ఆగితే మీరు నాలుగుసార్లు తేరుకుంటారు, నేను నాలుగు గంటలు ఏకబిగిన తొక్కినట్టు.

పైగా మీరు నిలబడి ఉంటారన్న ఆలోచనతో నా వేగానికి మించి తొక్కుతాను. మాట్లాడగలిగే ఊపిరి ఉండాలని డాక్టరు చెప్పింది గుర్తుండి కూడా తొక్కుతాను. ఇది మంచిది కాదని తెలుసు, కానీ మీ మొహాలు కళ్లముందు ఉంటాయి.

నాకు కావలసింది ఇంతే. ఎక్కడ కలుస్తామో ముందే చెప్పండి. నేను వచ్చాక ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. ఆ గడియారం నేను దిగాక మొదలవ్వాలి, మీరు వచ్చాక కాదు.

బ్రెవే బండి:

ఐదు నిమిషాల మాట నాకు ఇంతవరకూ తట్టలేదు సార్. నేనూ అలాగే హెల్మెట్ పెట్టుకునేవాణ్ణి. ఇకమీదట పెట్టుకోను.

వైట్‌ఫీల్డ్ గారూ, మీరు చెప్పింది చదివాక సొంత భారం సూత్రాన్ని అందరికీ ఒకే రకంగా అంటించకూడదని ఒప్పుకుంటున్నాను. బ్రెవేలో కూడా తోటి రైడర్ ఆగి సాయం చేయొచ్చు, నియమం అడ్డు రాదు. కానీ ఒక మాట మీద మాత్రం నిలబడతాను. పంక్చర్ వేసుకోవడం రానివాడు హైవే రైడ్‌కి రాకూడదు. ఆగడం ఎంత పెరిగితే నేర్చుకోవడం అంత తగ్గుతుంది. ఇది నేను నాలుగైదు గ్రూపుల్లో చూశాను.

వైట్‌ఫీల్డ్ రన్నర్:

రాకూడదు అనకండి, నేర్పించి తీసుకురండి. నాకు పంక్చర్ వేయడం నేర్పింది కూడా ఒక గ్రూపులోని అన్నే. రోడ్డు పక్కన కూర్చోబెట్టి, తను చెయ్యి పెట్టకుండా, నా చేతే చేయించాడు. ముప్పావుగంట పట్టింది. మిగతావాళ్లు ఎవరూ కదలలేదు.

తెల్లారిగట్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. మా వాళ్లకి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. రెండో గేరు గారు చెప్పిన పద్ధతి ఆ ఇద్దరు కూడా ఒప్పుకున్నారు. దేవనహళ్లి కోట దగ్గర ఒకసారి, కొండ కింద ఒకసారి కలుస్తాం. అక్కడిదాకా ఒకే వరుస. పైకి ఎవరికి వాళ్లు. చివర ఉండే పని వంతులవారీగా. మొదటి వంతు నాది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టకూడదు. ఐదు నిమిషాల గడియారం కూడా రాసుకున్నాం.

ఒక్కదాని మీద మాత్రం మాలో ఇంకా తగువుంది. మూడుసార్లు వచ్చినా ట్యూబ్ తెచ్చుకోనివాడి కోసం కూడా ఆగాలా? నేను ఆగాలనే అంటున్నాను. మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు.

కుర్రాడు ఇక రానన్నాడు. రెండుసార్లు అడిగాను. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు, "చక్రం విప్పడం నేర్పిస్తే వస్తా అన్నా" అని. శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కూర్చుంటున్నాం. ట్యూబ్ ఏది కొనాలని అడుగుతున్నాడు.

బ్రెవే బండి:

టైరు పక్క మీద సైజు అచ్చయి ఉంటుంది. 700 పక్కనున్న అంకె చూసుకోమనండి, ఆ అంకె పట్టే ట్యూబే కొనాలి. వాల్వ్ కూడా చూడాలి. సన్నగా, కొనకి చిన్న మర ఉంటే ప్రెస్టా. స్కూటర్‌కి ఉన్నట్టు లావుగా ఉంటే ష్రేడర్. పంపు రెండింటికీ పట్టేది తీసుకుంటే మంచిది. కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమమనండి. గుచ్చుకున్న సన్న తీగ ముక్క అక్కడే ఉండిపోతే పది నిమిషాల్లో మళ్లీ పోతుంది. శనివారం ఎన్నింటికి? నా దగ్గర పాత చక్రం ఒకటుంది, ప్రాక్టీసుకి తెస్తాను.